నా కరెంటు బండి మైలేజీ

ఒక అవ్వ, ఒక పొట్టేలు, ఒక తాబేలు కలిసి ఒక్క పూటలో నా పరువు తీసిన కథ ఇది. పరువు పోవడమంటే ఏదో కాలుజారి పడినంత చిన్న సంగతి కాదు. కమలాపురంలో బయలుదేరి రాజంపేట చేరేసరికి నా దగ్గర పరువన్నది తులమైనా మిగల్లేదు. మీరు హాయిగా నవ్వుకోండి. మా ఊళ్ళో నాలుగేళ్ళుగా నవ్వుతూనే ఉన్నారు, మీరొక నలుగురు ఎక్కువైతే నాకు కొత్తగా పోయేదేమీ లేదు.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్ళు. తెలివి పొంగిపొర్లే వయసు. బ్యాంకులో అప్పు తీసి కరెంటుతో నడిచే పికప్ బండి కొన్నాను. మా మండలంలో అలాంటిది అదే మొదటిది. అమ్మిన కుర్రాడు "సార్, ఒక్కసారి చార్జింగ్ పెడితే నూట యాభై కిలోమీటర్లు" అన్నాడు. ఆ మాటను నేను తాళపత్రం మీద రాసిన వేదంలా నమ్మి, పొద్దునా సాయంత్రం టీ అంగట్లో పారాయణం చేసేవాణ్ణి.

మా మేనమామ ఓబుల్‌రెడ్డికి డీజిల్ పికప్ ఉండేది. దాని వయసు దానికే తెలియదు. తెల్లవారుజామున అది స్టార్టయితే దగ్గి, తుమ్మి, వీధంతా లేపి గానీ కదిలేది కాదు.

"ఏం మామా, ఈ పొద్దు నీ బండి ఎంత తాగినాది?" అని అడిగాను ఒకరోజు, పదిమంది వినేట్టు.

"తాగినంత తాగుతాది, పోవాల్సినంత దూరం పోతాది. నీది ఎంత దూరం పోతాది అబ్బీ?"

"నూట యాభై!"

"లోడుతోనా?"

ఇక్కడ నేను నోరు మూసుకోవాల్సింది. ఎందుకంటే ఆ ప్రశ్న అమ్మినవాణ్ణి నేను అడగలేదు, అడగలేదు కాబట్టి వాడు చెప్పలేదు. కానీ నా నోరు నా మాట ఎప్పుడు విన్నది గనక?

"లోడుంటే ఏమి, లేకుంటే ఏమి మామా! ఎంతమంది ఎక్కితే ఏమి! దానికేమన్నా డీజిలా పాడా? కరెంటే గదా!"

టీ అంగట్లో ఉన్నవాళ్ళంతా ఈ మాట విన్నారు. విని, ఊరంతా పంచిపెట్టారు.

ఆ ఎండాకాలం రాజంపేట నుంచి పండ్ల మండీ మస్తాన్ భాయ్ మా ఊరి కర్బూజా తోటలు చూడటానికొచ్చాడు. సీజనంతా సరుకు మండీకి తోలేందుకు బండి కావాలి. ఏటా ఆ పని మా మామదే. నేను అడ్డం పడ్డాను. పడక తప్పదు. బండి వాకిట్లో నిలబడి కోళ్ళకు నీడనిస్తోంది, బ్యాంకువాళ్ళేమో కోళ్ళ దగ్గర కంతు వసూలు చేసుకోరు. ఈ ఒక్క పని దొరికితే నేను గట్టెక్కినట్టే.

మస్తాన్ భాయ్ గడ్డం నిమురుకున్నాడు. "చూడు బేటా, పది గంటలకు మా మండీలో మద్రాసు లారీ కదుల్తాది. అంతలోపల సరుకు రావాల. రేపు నువ్వొక లోడు, మీ మామ ఒక లోడు తీసుకురండి. ఎవరు ముందొస్తే సీజన్ వాళ్ళది."

మర్నాడు తెల్లారేసరికి బండి నిండా కర్బూజా క్రేట్లు, పైన ఎండ తగలకుండా వరిగడ్డి. స్క్రీను మీద ఇంకా నూట నలభై కిలోమీటర్లు పోవచ్చని ఉంది. రాజంపేట ఎనభై లోపే. మిగిలే అరవైలో అటునుంచి అటే ఎక్కడికైనా షికారు పోయి రావచ్చని కూడా అనుకున్నాను. మామ ఇంకా టీ తాగుతున్నాడు. ఆయన ముందునుంచి చప్పుడు లేకుండా జారుకున్నాను.

ఊరు దాటకముందే లక్ష్మమ్మ అవ్వ రోడ్డుకు అడ్డంగా నిలబడింది. మా వెనకింటి అవ్వ. చేతిలో సంచి, పక్కన బియ్యం మూట.

"యాడికి పోతాండావు నాయనా?"

"రాజంపేటకు అవ్వా. శానా అర్జెంటు."

"నేను ఒంటిమిట్ట గుడికి పోవాల. దోవే గదా."

"లోడుండాది అవ్వా, బరువైతాది."

"ఉంటే ఏమి నాయనా? ఎంతమంది ఎక్కితే ఏమి, డీజిలా పాడా, కరెంటే గదా!"

మీరే చెప్పండి, నా మాటను నాకే అప్పగిస్తే నేను ఎక్కడ దాక్కోవాలి? బియ్యం మూటతో సహా అవ్వను కేబిన్లో ఎక్కించుకున్నాను. కూర్చోగానే చెమట తుడుచుకుని, "ఆ చల్లగాలి పెట్టు నాయనా" అంది.

"ఏసీ వేస్తే పోయే దూరం తగ్గుతాది అవ్వా."

"దూరం తగ్గితే మంచిదే గదా, బిరీన పోతాం!"

వేశాను. మైలు పోయామో లేదో, రోడ్డు పక్కన పుల్లయ్య, పుల్లయ్య పెండ్లాము, కొమ్ములకు పసుపు పూసిన పొట్టేలు కనిపించారు. రాజంపేట పక్క పల్లెలో దేవర జాతరకు పోతున్నారట. నేను చూడనట్టు నటిస్తుంటే, అవ్వ కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి కేకేసింది.

"రాప్పా పుల్లయ్యా, ఎక్కు ఎక్కు! కరెంటు బండి, ఏం పోతాది!"

బండి నాది, అప్పు నాది, ఆహ్వానం మాత్రం అవ్వది. వాళ్ళు ముగ్గురూ వెనక గడ్డి మీద సర్దుకుంటుండగా మా మామ బండి దగ్గుకుంటూ మమ్మల్ని దాటిపోయింది.

కడపకు వచ్చేసరికి స్క్రీను చూశాను. నడిచింది ఇరవై అయిదు. తగ్గింది డెబ్బై. ఆ టౌనులోనే చార్జింగ్ పెట్టే చోటు ఉంది, ఆగి ఒక గంట పెట్టుకుంటే సరిపోయేది. ఆగుదామనే అనుకున్నాను. సరిగ్గా అప్పుడే పక్క బంకులో మామ డీజిల్ పోయించుకుంటూ కనిపించాడు. ఇంకేముంది, తల తిరిగింది.

"పోయించుకో మామా, పోయించుకో!" అని అరిచాను.

"నువ్వు గూడా యాడన్నా ఇంత పెట్టించుకోరాదా అబ్బీ?"

"నాకెందుకు మామా! ఇంకా డెబ్బై ఉండాది!"

ఆ రోజు చేసిన తప్పులన్నిటికీ రాజు ఇది. కడప దాటాక ఆ డెబ్బై నా కళ్ళముందే కరిగిపోసాగింది. నేను పొదుపు మొదలుపెట్టాను. ఏసీ ఆపాను. అవ్వ అలిగింది. పాటలు ఆపాను. పుల్లయ్య అలిగాడు. చివరికి హారన్ కొట్టడం కూడా మానేసి, "పుల్లయ్యా, ముందు ఎవరన్నా అడ్డమొస్తే నువ్వే అరువప్పా" అన్నాను. అతను పాపం ఒంటిమిట్ట దాకా "జరగండి, జరగండి" అని అరుస్తూనే ఉన్నాడు. ఇంతలో పొట్టేలు పైనున్న గడ్డి తినేసి, కింద ఉన్న కర్బూజాల మీద పడింది. ఒక్కమాట ఒప్పుకోవాలి. ఆ బండి బరువు తగ్గించడానికి నిజంగా కష్టపడింది అదొక్కటే.

"ఒంటిమిట్ట వచ్చినాది అవ్వా, దిగు" అన్నాను, ప్రాణం లేచొచ్చి.

"గుడికి వచ్చేటప్పుడు పోదాంలే నాయనా. రాజంపేటలో మా చెల్లెలుండాది, చూసి శానా దినాలాయె. మళ్ళీ మళ్ళీ వచ్చేదానికి అయితాదా?"

నందలూరు ఇంకా రాకముందే స్క్రీను మీద పసుపుపచ్చగా తాబేలు బొమ్మ వెలిగింది.

"అదేంది నాయనా, తాబేలు?"

"బ్యాటరీ అయిపోతాందని చెప్తాంది అవ్వా."

"ఛ, కాదు. కూర్మావతారం! స్వామిని చూడకుండా వచ్చినానని ఆయనే వచ్చినాడు" అని అవ్వ చెంపలు వేసుకుంది. బండి నడిచే మనిషి వేగానికి దిగింది. సైకిలు మీద పాలాయన మమ్మల్ని దాటేశాడు. మేకలు దాటేశాయి. తర్వాత అదీ లేదు, బండి ఒక టీ అంగడి ముందు చల్లగా నిలబడిపోయింది.

పరుగెత్తి అంగడామెను బతిమాలి ప్లగ్గు పెట్టాను.

"ఎంతసేపు పెట్టాలన్నా?"

"రాజంపేట చేరేదానికైతే రెండు గంటలమ్మా."

ఆమె నవ్వింది. "తొమ్మిదింటికి మాకు కరెంటు పోతాదన్నా."

టైము చూశాను. తొమ్మిది. ఫ్యాను ఆగింది.

నేను రోడ్డు పక్కన కూలబడ్డాను. నవ్వుల కథలో ఇది చెప్పకూడదేమో గానీ, నిజంగా ఏడుపొచ్చింది. సీజను పోయింది, సరుకు ఎండకు ఉడుకుతోంది, మళ్ళీ కోళ్ళకు నీడే నా బండి గతి. అప్పుడు దూరంగా దగ్గు వినిపించింది. నెలరోజులు నేను వెక్కిరించిన ఆ దగ్గు ఆ పూట ఎంత తీయగా ఉందో చెప్పలేను.

కడపలో తీరిగ్గా టిఫిను తిని వచ్చిన మామ బండి ఆపి, తల బయటపెట్టి, మమ్మల్ని నింపాదిగా చూశాడు. "ఏం అల్లుడా, నీడ బాగుండాదా?"

"నువ్వు పో మామా. పందెం నీదే."

"పోతే? నీ బండిలో ఉండే కాయలు నీవా, నావా? పండించినోడు మునిగిపోడూ?" అంటూ దిగి, సీటు కిందినుంచి లావుపాటి తాడు తీశాడు. "ఇగ్గో, ముందర కట్టు. పుల్లయ్యా, నువ్వు అరిచేది మానొద్దు."

అట్లా చేరాం రాజంపేట. ముందు దగ్గుతున్న డీజిల్ బండి, వెనక తాడు, దాని వెనక స్టీరింగ్ పట్టుకుని తల దించుకున్న నేను, పక్కన ఊరేగుతున్నట్టు దర్జాగా అవ్వ, పైన పొట్టేలు. మద్రాసు లారీ ఇంకా కదల్లేదు. మస్తాన్ భాయ్ బయటికొచ్చి ముందు బండి చూశాడు, తాడు చూశాడు, నన్ను చూశాడు.

"యే క్యా తమాషా! ఎవరు ముందొచ్చినారు?"

నేను నోరు తెరిచేలోపల అవ్వ అందుకుంది. "ఇద్దరం కలిసే వచ్చినాం సాయిబూ. నడమ తాడు మాత్రం ఉండాది."

మండీ మండీ అంతా నవ్వింది. సీజను మామకే పోయింది. అది న్యాయమే. పొట్టేలు తిన్న కాయలు నా కిరాయిలో పోయాయి, అదీ న్యాయమే.

మామ బంకుకు పోయి ట్యాంకు నింపించుకుని తిరిగొచ్చి, వేళ్ళ మీద లెక్క వేస్తూ నా పక్కన కూర్చున్నాడు. నేను మండీ ప్లగ్గులో చార్జింగ్ పెట్టుకుని బిక్కమొహం వేసుకుని ఉన్నాను.

"అబ్బీ, నా బండి లోడుతో లీటరుకు పదమూడు ఇస్తాది. ఈ పొద్దు తొమ్మిదే ఇచ్చినాది. తగ్గిన డీజిల్ యాడికి పోయినట్టు?"

"ఏమో మామా."

"ఏమో కాదు, నీ బండి తాగినాది. ఇన్నేండ్లుగా డీజిల్ బండ్లు చూస్తాండా, ఇంత తక్కువ దూరానికి ఇంత తాగే బండిని నేను యాడా చూడలేదప్పా!"

నేను లేచి, తూర్పుకు తిరిగి, కుడిచెయ్యి వేడెక్కిన బ్యాటరీ మీద పెట్టి, మండీ జనమంతా సాక్షిగా ప్రమాణం చేశాను. ఇప్పుడు ఆ బండి కడప టౌనులో అంగడికీ అంగడికీ మధ్య చక్కగా తిరిగి నాకు అన్నం పెడుతోంది, నా ప్రమాణమూ చెక్కుచెదరలేదు. ఈ జన్మలో నా బండి ఎంత దూరం పోతుందని ఎవరడిగినా కిలోమీటర్లలో జవాబు చెప్పను గాక చెప్పను. ఎవరెవరు ఎక్కుతున్నారో ముందు వాళ్ళను చెప్పమంటాను.