పచ్చటి పొలం మీద ఎర్ర మచ్చ

నేను పనిచేసే కంపెనీ పంటలకు బీమా ఇస్తుంది. ఆఫీసు జార్జి టౌన్‌లో, తోపుడు బళ్లను తప్పించుకుంటూ వెళ్లాల్సిన సందులో. ఉపగ్రహం తీసిన పొలాల బొమ్మలు చదవడం నా ఉద్యోగం. ఆరోగ్యంగా ఉన్న ఆకు మన కంటికి కనపడని ఒక రకం వెలుగును బాగా తిప్పికొడుతుంది. నీరు అందకపోయినా, వేరుకు ఉప్పు తగిలినా ఆ వెలుగు తగ్గుతుంది. పైకి ఆకు పచ్చగానే ఉంటుంది, మా తెర మీద మాత్రం ఎర్రగా పడుతుంది. రైతుకు ముందే చెప్పి పంటను నిలబెట్టగల విద్య ఇది. మావాళ్లు దాన్ని ఆ పనికి వాడితే ఒట్టు.

సముద్రానికి దగ్గర్లో ఉన్న పొన్నేరి వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. అక్కడి తమిళ ఊళ్ల మధ్య తరతరాలుగా సేద్యం చేస్తున్న తెలుగువాళ్లు. బోరులోకి ఉప్పునీళ్లు ఎక్కి ఆయన వరి మొత్తం ఎండిపోయింది. బీమా కోసం వస్తే మేనేజరు నాచేత పాత బొమ్మ తెర మీదికి తెప్పించి చూపించాడు. పాలసీ మొదలయ్యేనాటికే పొలం ఎర్రగా ఉంది.

“రోగం ఉండే పంటకి బీమా కట్టినావు. మమ్మల్ని మోసం చేద్దామనుకున్నావా?” అన్నాడు మేనేజరు. తండ్రి వయసు మనిషినైనా సరే, రైతు అయితే చాలు, నువ్వు అనేస్తాడు.

పెద్దాయన ఫోన్‌లో ఫొటో చూపించాడు. పాలసీ కట్టిన రోజు పొలం గట్టున కర్పూరం వెలిగించి తీయించుకున్నది.

“ఎంత పచ్చగుందో చూడండి సార్. ముందు రవంత పాలిపోయింటే యూరియా చల్లినాను. మా ఊర్లో అందరం చేసేదే. తేరుకునింది.”

“అంటే పాలిపోయిన సంగతి నీకు ముందే తెలుసు. సరి, రాసుకోమ్మా,” అన్నాడు మేనేజరు నాతో. ఆ మేనేజరు గొంతులో సంతోషం వినపడి నాకు ఒళ్లు మండింది.

పెద్దాయన తెర మీది ఎర్ర మచ్చను వేలితో చూపించాడు.

“ఈ బొమ్మ మీకెప్పుడొచ్చింది సార్?”

“నువ్వు పాలసీ కట్టిన వారమే.”

“ఒక్క ఫోన్ చేసుంటే బోరు ఆపేసి చెరువు నీళ్లు పెట్టుకొనుంటాను గదా సార్. అప్పుడు ఆడ చెరువు నిండుగా ఉండె.”

“ముందుగా చెప్పేదానికి వేరే స్కీము ఉంది. నువ్వు దాంట్లో చేరలా,” అంటూ మేనేజరు సొరుగులోంచి రంగుల కాగితం తీసి ఆయన చేతిలో పెట్టాడు. “వచ్చే పంటకి చేరు.”

“వచ్చే పంటా? ఉప్పు పట్టిన నేల సార్. నేనుండేంతవరకూ ఆడ ఇంక గడ్డి కూడా మొలవదు.”

మేనేజరు చెయ్యి చాపి ఆ కాగితం వెనక్కి తీసుకున్నాడు.