మునసబుగారు చంపని గుర్రం

నరసరావుపేట స్టేషన్లో కొన్న పత్రిక ఇంకా పచ్చి సిరా వాసన కొడుతోంది. బి.ఎ. ఫలితాల్లో నా నంబరు మీద వేలు పెట్టి తీస్తే వేలికి నలుపంటింది. మా ఇంట్లో వేలిముద్ర కాక సంతకం పెట్టిన మొదటి మనిషిని నేను, ఇప్పుడు పట్టభద్రురాలిని. కనిపించిన వాళ్ళందరికీ చెప్పేస్తున్నాను, సోడాలమ్మే తాతకైతే రెండుసార్లు చెప్పాను. ఇంత సంతోషంలోనూ నా ఎడమ మోకాలు వణుకుతూనే ఉంది. ఆ వణుకు నేను యోహాను మాస్టారి దగ్గర నేర్చుకున్నది.

ఆయన గురజాల పక్కన మా పల్లెలో మిషన్ బడి పంతులు. యుద్ధం రోజులు. నన్ను గుంటూరు హాస్టల్లో చేర్చాలంటే, మేం బీదవాళ్ళమని ఊరి మునసబు సంతకం పెట్టాలి. గడువు మర్నాటితో సరి. సంతకం లేకపోతే నేను మా అమ్మ వెంట మునసబుగారి మిరప చేలోకి కూలికే. వారం రోజులు తిప్పించుకున్నాక, ఆ సాయంత్రం మునసబుగారు అరుగు మీద చదరంగం పలక పెట్టి నవ్వాడు.

"దొరల దగ్గర ఆట నేర్చావంట గదా మాస్టరూ. నన్ను గెలువు, పెడతా సంతకం."

ఆయన అరుగు మీద, మాస్టారు మెట్టు మీద కూర్చున్నారు. నేను కాయితం పట్టుకుని కింద నిలబడ్డాను. మిషన్ దొర నేర్పిన ఆటలో రాజునీ ఏనుగునీ ఒకే ఎత్తులో జరిపి రాజుని మూలన దాచుకోవచ్చు. అదే అలవాటున మాస్టారు ఆ రెంటినీ రెండు చేతులా ఎత్తారు. అరుగంతా నవ్వింది.

"ఏంది మాస్టరూ, రెండెత్తులు ఒకేసారి ఏస్తన్నావా? మన పల్నాట్లో రాజు దాక్కోడు. ముట్టుకున్నావు గదా, ఇంక రాజునే జరుపు."

రాజు నడి పలక మీదికి వచ్చాడు. వెంటనే ఒక ఏనుగు పోయింది, తర్వాత శకటం. నా చేతి చెమటకు కాయితం మెత్తబడిపోతోంది. మాస్టారు చాలాసేపు పలక వంక చూసి, తన గుర్రాన్ని తీసుకెళ్ళి మునసబుగారి రాజు పక్కన, ఒక బంటు నోటి దగ్గర పెట్టారు.

"కానియ్యండి మునసబుగారూ," అన్నారు నిబ్బరంగా.

కింద నిలబడ్డ నాకు మాత్రం ఆయన మోకాలు కనిపిస్తోంది. పంచె అదిరిపోతుంటే ఎడమచేత్తో అదిమి పట్టుకున్నారు. మునసబుగారి వేళ్ళు బంటు మీదికి వెళ్ళి ఆగాయి. మాస్టారి ముఖం చూశాడు. వేళ్ళు మంత్రి మీదికి వెళ్ళి మళ్ళీ వెనక్కి వచ్చాయి. ఏందో చూసే పెట్టినట్టున్నాడని వెనక ఎవరో గొణిగారు. అరుగు మీద నవ్వులు ఆగిపోయాయి.

"దీపాలు పెట్టే యాళయింది," అన్నాడాయన చివరికి. "ఆట రేపు చూద్దాం. ఏమే పిల్లా, ఆ కాయితం ఇట్టా తే."

ఓడి సంతకం పెట్టడం కన్నా దయతలచి పెట్టడం నయమనిపించి ఉంటుంది. ఆ రేపు మళ్ళీ రాలేదు.

దారిలో అడిగాను, బంటుతో గుర్రాన్ని చంపితే ఏమయ్యేదని.

"అయిపోయేదమ్మా. నా దగ్గర ఇంకేం లేదు."

"మరి అట్టా ఎట్టా పెట్టారు మాస్టారూ?"

"చానా భయమేసింది. ఊరికే కూచున్నా ఓడేవాణ్ణే. ఆయన్ని గూడా కాస్త భయపెడదామని." ఆ మాట చెప్పి, మోకాలు కుదుటపడేదాకా దారి పక్కన రాయి మీద కూర్చుండిపోయారు.

పరీక్ష హాల్లో నా మోకాలు అదిరినప్పుడల్లా ఎడమచేత్తో అదిమిపెట్టి, కుడిచేత్తో రాశాను. ఏడేళ్ళుగా ప్రతి నోటుపుస్తకం వెనకా ఆ పలక గీసి, గుర్రం పోయినా మాస్టారు గెలిచే ఎత్తు కోసం వెతుకుతున్నాను. మాచర్ల బండి వస్తోంది. ముందు ఆయన గుమ్మంలోకే వెళ్ళి నంబరు చూపిస్తాను. బి.ఎ. పాసయ్యాను. ఆ గుర్రాన్ని చంపి ఉంటే మాత్రం, ఎంత వెతికినా ఆ పలక మీద ఇప్పటికీ మాకు దారి లేదు.