గీతలు గీసే మేడమ్

బీదర్‌లో నేను ఊడ్చే కాలేజీ లైబ్రరీలో, ఒక బల్ల దగ్గర కూర్చుని పిల్లల సందేహాలకు జవాబు చెప్పే మేడమ్ ఒకామె ఉండేది. కమలనగర్ నుంచి బస్సులో వచ్చేది. ముఖం చూస్తే ఆదివారం కూడా నిద్రపోనట్టుండేది. ఎవరేం అడిగినా జవాబు చెప్పి, వాళ్లు అటు తిరగగానే కాగితం మీద ఒక గీత గీసేది. పుస్తకాల గురించి అడిగితే ఒక గడిలో, బాత్రూమ్ ఎటని అడిగితే వేరే గడిలో. ఎప్పుడూ బాత్రూమ్ గడే ముందు నిండేది.

పుస్తకాల ప్రశ్నలు పెరగకపోతే ఆ బల్ల తీసేస్తామని, ఆమె టెంపరరీ కొలువు కూడా ఉండదని ప్రిన్సిపాల్ చెప్పేశాడు.

"నాలుగు గీతలు ఎక్కువ గియ్యి బిడ్డా, ఎవరు చూస్తుండ్రు?" అన్నాను.

"అడగంది ఎట్ల గీస్త పెద్దమ్మా?"

"అయితే నేనే అడుగుత. జొన్నకు పట్టే పురుగు మీద పుస్తకమున్నదా?"

లేచి వెళ్లి పుస్తకం తెచ్చిచ్చింది. గీత మాత్రం గీయలేదు. "నువ్వు నా కోసం అడిగినవ్. అది లెక్కకు రాదు."

నాకు ఒళ్లు మండింది. "మరి ఈ కొలువు పోతే ఏం జేస్తవ్? ఇది నిజంగనే అడుగుతున్న."

ఆమె పెన్ను తీసి, 'జవాబు చెప్పలేనివి' అని రాసి ఉన్న గడిలో ఒక గీత గీసింది.