వందుట్రాన్ రాసినవాళ్ళు

తిరుత్తణిలోని ఆ మెట్రిక్యులేషన్ స్కూల్లో సైన్స్ దినోత్సవానికి ముఖ్య అతిథిగా జగన్నాథన్ గారిని పిలిచారు. ఆయన తిరువళ్ళూరులో కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరైన మనిషి. నవ్విస్తూ పాఠం చెప్తాడని ఆ చుట్టుపక్కల మంచి పేరుంది. మైకు అందుకోగానే ఆయన పిల్లల్ని అడిగారు.

"ఎలక్ట్రాన్ తెలుసు, ప్రోటాన్ తెలుసు. వందుట్రాన్ తెలుసునా మీకు?"

తమిళంలో 'వందుట్టేన్' అంటే 'వచ్చేశాను' అని. పిల్లలు అప్పటికే కిసుక్కుమన్నారు.

"ఇది కొత్త కణం. వచ్చేసినా అని చెప్పేటప్పుడు అసలు బయలుదేరే ఉండదు. దీని వేగం కొలవలేము. విశ్వంలో యాడ ఉన్నా సరే, మనకి ఐదు నిమిషాల దూరంలోనే ఉంటుంది. రెండు వందుట్రాన్లు ఎప్పటికీ ఢీకొనవు. ఎందుకంటే, ఒక్కొక్కటీ రెండోదే ఇంకా రాలేదని చెప్తుంది."

హాలంతా గొల్లుమంది. నవ్వు తగ్గాక జగన్నాథన్ గారు, "ఇంటర్నెట్ వచ్చిన కొత్తల్లో పుట్టిన జోకు ఇది. ఎవరు రాసినారో దేవుడికే తెలియాల" అని పాఠంలోకి వెళ్ళిపోయారు.

హాలు వెనకాల గోడకానుకొని నిలబడిన అమృతవల్లికి ఆ తరవాత ఒక్క మాట కూడా చెవికెక్కలేదు. ఆమె ఆ స్కూల్లోనే ఫిజిక్స్ టీచరు. పక్కనున్న తమిళ టీచరు నివేద చెయ్యి పట్టుకొని, "మిస్, ఆ జోకు నేను రాసిండేది" అంది.

నివేద ఆమె ముఖంలోకి చూసి, ఇది ఇంకో జోకనుకొని, ఇంకా గట్టిగా నవ్వింది.

అమృతవల్లి అబద్ధాలాడే మనిషి కాదు. పొదటూర్‌పేటలో మగ్గాల ఇంట్లో పుట్టింది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. ఆ వీధిలో ఎం.ఎస్సీ. దాకా వెళ్ళిన మొదటి ఆడపిల్ల ఆమే. చెన్నై కాలేజీకి రోజూ తిరుత్తణి నుంచి రైల్లో పోయి వచ్చేది. తిరువళ్ళూరులో ఏంజెలిన్ అనే తెలుగు క్రైస్తవుల అమ్మాయి ఎక్కేది. ఇద్దరిదీ ఒకే క్లాసు, ఒకే పెట్టె.

రెండువేల ఒకటో సంవత్సరం ఎండాకాలంలో ఒకరోజు అమృతవల్లి తిరువళ్ళూరులోనే దిగిపోయింది. బంధువుల పెళ్ళి ఉంది. మేనమామ మహేంద్ర మోటార్ సైకిల్ మీద వచ్చి తీసుకుపోతానన్నాడు. స్టేషన్ బయట ఎస్టీడీ బూత్ నుంచి ఇంటికి ఫోన్ చేస్తే, "అప్పుడే బయలుదేరినాడే" అన్నారు. కాసేపు ఆగి మళ్ళీ చేస్తే అదే జవాబు. ఎండ భరించలేక స్నేహితురాళ్ళిద్దరూ ఎదురుగా ఉన్న బ్రౌజింగ్ సెంటర్‌లో ఫ్యాను కింద కూర్చున్నారు. కూర్చున్నందుకు ఏదో ఒకటి చెయ్యాలి కదా. ఇంగ్లీషులో ఆరేడు వాక్యాల జోకు ఒకటి టైపు చేసి, సైన్స్ విద్యార్థుల ఈమెయిల్ గుంపు ఒకదానికి పంపించారు. పేరు పెట్టలేదు. పేరు పెట్టాలన్న ఆలోచనే రాలేదు. పొద్దు వాలేవేళకు మహేంద్ర నవ్వుకుంటూ వచ్చాడు. తరవాతి సంవత్సరం ఆమె ఆయన్నే పెళ్ళి చేసుకుంది.

సైన్స్ దినోత్సవం నాటి సాయంత్రం ఇంటికొచ్చి ఆమె భర్తకు ఈ సంగతి చెప్పింది. లుంగీల అంగడి మూసి అప్పుడే భోజనానికి కూర్చున్న మహేంద్రకు అదంతా వేడుకగానే ఉంది.

"నా మింద రాసిందేనే అది? అట్టయితే పేరు నాకే రావల్ల."

"మామా, నేను ఆటకి చెప్పడంలే."

"నీదేనని నాకు తెల్సు కదమే. ఇంకెవురికి తెలియాల?"

ఆమె కంచంలో అన్నం సగంలోనే వదిలేసి ఫోన్ తీసుకుంది.

వెదికేకొద్దీ ఆ జోకు ఎక్కడ పడితే అక్కడ కనిపించింది. తమిళం తెలియనివాళ్ళు దానికి వేరే పేరు పెట్టుకున్నారు. ఒకచోట కాఫీ కప్పు మీద ఉంది. ఇంకోచోట టీషర్టు మీద ఉంది. ఏదో తెలియని భాషలో కూడా ఉంది. గడియారం చూసుకుంటున్న కణం బొమ్మను బట్టి, కింద నవ్వుతున్న ముఖాలను బట్టి అదేనని పోల్చుకుంది. అన్నిటి కిందా 'రచయిత తెలియదు' అని ఉంది. కొన్నిచోట్ల ఆ మాట కూడా లేదు.

ఒక చోట ఆమె, ఇది నేను రెండువేల ఒకటిలో తిరువళ్ళూరులో రాశాను అని పెట్టింది. కాసేపటికి ఎవరో, అవునవును ఆంటీ, న్యూటన్ సూత్రాలు రాసింది నేనే అని జవాబిచ్చారు. దానికి వందల మంది నవ్వు గుర్తులు పెట్టారు. ఆమె రాసిన జోకు కింద, ఆమెనే జోకు చేశారు.

ఆనాటి నుంచి ఆమెకు నిలకడ లేకుండా పోయింది. క్లాసులో బోర్డు మీద లెక్క సగం వేసి కిటికీలోంచి చూస్తూ నిలబడేది. పొయ్యి మీద పాలు పెట్టి పాత ఈమెయిల్ పాస్‌వర్డు గుర్తుచేసుకుంటూ కూర్చుంటే పాలు పొంగిపోయేవి. పాస్‌వర్డు గుర్తొచ్చినా లాభం లేదని తరవాత తెలిసింది. వాడకుండా వదిలేసిన ఆ ఖాతా ఎప్పుడో పోయింది. ఆ గుంపూ పోయింది. బ్రౌజింగ్ సెంటర్ ఉన్నచోట ఇప్పుడు మందుల షాపు ఉంది.

కూతురు మనస్వి చెన్నైలో చదువుతోంది. ఫోన్లో ఆమె నెమ్మదిగానే చెప్పింది.

"అమ్మా, నెట్‌లో ఏది ఎవురిదని ఎవురూ చూడరు. విడుమ్మా."

"నీ రికార్డు నోటు ఇంకొక పిల్ల తనదని ఇచ్చేస్తే విడిచిపెడతావా?"

"అది మార్కులకి. దీనికి ఏం వస్తాది?"

ఏమొస్తుందో ఆమెకూ తెలియదు. ఊరుకోవడం మాత్రం చేతకాలేదు. ఒక శనివారం తిరువళ్ళూరు రైలెక్కి, అడ్రసు కనుక్కొని, జగన్నాథన్ గారి ఇంటి తలుపు తట్టింది.

ఆయన మర్యాదగా కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించారు. ఆమె చెప్పిందంతా అడ్డురాకుండా విన్నారు. విని, కళ్ళజోడు తుడుచుకుంటూ అన్నారు.

"చూడమ్మా, నిన్ను నమ్మనని చెప్పను. నిరుడు ఒకాయన ఇట్లే వచ్చి ఇంకొక జోకు తనదన్నాడు. వాళ్ళకీ వీళ్ళకీ నేను ఏమని చెప్పేది? సరే, ఇది నువ్వు రాసిందే అనుకుందాం. దీని తరవాత ఏం రాసినావు?"

"దీని తరవాతంటే?"

"ఇంత బాగా రాసిన చెయ్యి ఇంకొకటి రాసే ఉండాల కదా. అది చూపించు. రెండూ ఒక చేతివేనా కాదా అనేది నాకు తెలిసిపోతాది."

అమృతవల్లి గ్లాసు కింద పెట్టింది. ఆ తరవాత ఆమె ఏమీ రాయలేదు. ఇన్నేళ్ళలో ఒక్క వాక్యం కూడా. పెళ్ళి, బిడ్డ, బి.ఎడ్., స్కూలు, ఇంకో టీచరు లేనప్పుడు కలిపి తీసుకునే క్లాసులు, పరీక్ష పేపర్లు. రాయాలని ఎవరూ చెప్పలేదు, రాయొద్దనీ ఎవరూ అనలేదు. ఆయన తప్పుగా ఏమీ అడగలేదు. అయినా ఆమె మజ్జిగ పూర్తి చెయ్యకుండానే వీధిలోకి వచ్చేసింది. ఆ జోకు తనదని లోకం ఒప్పుకోకపోవడం కంటే, ఆ జోకు రాసిన పిల్ల ఎటుపోయిందో తనకే తెలియకపోవడం ఎక్కువ బాధగా ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది ఏంజెలిన్. పెళ్ళిళ్ళయ్యాక నంబర్లు మారి, మాట తెగిపోయింది. అమృతవల్లి అక్కడి నుంచి నేరుగా ఏంజెలిన్ వాళ్ళు వెళ్ళే చర్చికి నడిచింది. అక్కడి పెద్దామె ఒకరు ఆ కుటుంబాన్ని గుర్తుపట్టి నంబరు ఇచ్చింది. ఏంజెలిన్ ఆత్తిపట్టులో ఉందట. కరెంటు తయారుచేసేచోట బాయిలర్లకు పోయే నీళ్ళను పరీక్షించే ల్యాబులో కెమిస్టట.

ఏంజెలిన్ ఫోన్ ఎత్తి, గొంతు వినగానే పోల్చుకుంది. "యాడుండావే నువ్వు ఇన్నాళ్ళు?" అంది. "రేపే రా. ఫోన్లో ఏమీ చెప్పొద్దు."

మర్నాడు అమృతవల్లి చెన్నై సెంట్రల్‌లో దిగి గుమ్మిడిపూండి లోకల్ పట్టుకుంది. సీటు ఖాళీగా ఉన్నా కూర్చోలేక తలుపు దగ్గరే నిలబడింది. ఏంజెలిన్ గుర్తులేదంటే? ఉన్న ఒక్క సాక్షీ లేదంటే?

ఆత్తిపట్టు స్టేషన్‌లో ఏంజెలిన్ ఎదురుగా వచ్చింది. లావైంది, జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది, నడకలో మోకాలినొప్పి తెలుస్తోంది. నవ్వు మాత్రం ఆ రైలుపెట్టెలో ఉన్నదే. అమృతవల్లి నోరు తెరవక ముందే ఆమె అంది.

"మీ మామ ఇంకా వందుట్టేనేనా?"

అమృతవల్లి అక్కడే ప్లాట్‌ఫామ్ మీద ఏడ్చేసింది.

ల్యాబులో పగటి షిఫ్టు ముగిసి నలుగురైదుగురు గేటు బయట టీ కొట్టు దగ్గర చేరారు. ఏంజెలిన్ స్నేహితురాలిని వాళ్ళ ముందు నిలబెట్టి, "ఈమేనబ్బా. మా అమృత. వందుట్రాన్ అమృత" అంది. వాళ్ళలో ఒకతను లేచి కుర్చీ ఇచ్చాడు. ఇంకొకామె, "నిజంగానే ఉండారా మేడమ్, ఏంజెలిన్ అక్క కట్టి చెప్పిన కథ అనుకుంటిమి" అని చేతులు పట్టుకుంది. ఇన్నేళ్ళుగా ఆ ల్యాబులో ఎవరు ఆలస్యంగా వచ్చినా ఏంజెలిన్ ఈ జోకు చెప్పేదట. చెప్పిన ప్రతిసారీ, మా ఫ్రెండ్ రాసింది అనేదట. అమృతవల్లి నెట్ అంతా వెదికి అలిసిపోయింది. ఆమె పేరు ఈ టీ కొట్టు దగ్గర ఉంది.

ఏంజెలిన్ క్వార్టర్స్‌కి వచ్చి అన్నానికి కూర్చున్నాక ఇద్దరూ ఆ మధ్యాహ్నాన్ని ముక్కముక్కగా గుర్తుచేసుకున్నారు. పేరు పెట్టింది అమృత. ఐదు నిమిషాల దూరం అమృతది. ఫోన్ చేస్తే 'అప్పుడే బయలుదేరింది' అని ఇంటివాళ్ళు చెప్తారన్న వాక్యం కూడా అమృతదే. తరవాత ఎక్కడో, ఎవరి చేతిలోనో అది రాలిపోయింది.

"రెండు ఢీకొనవు అనేది మాత్రం నాది కదమే" అంది ఏంజెలిన్, చారు పోసుకుంటూ.

అమృతవల్లి చెయ్యి ఆగింది. "నీదా?"

"మరిచిపోయినావా? నేను కుర్చీలో ఎనక్కి వాలి గట్టిగా అన్న్యా, ఆ సెంటర్ ఆయన ఉష్ అన్న్యాడు. నువ్వు నవ్వుతానే టైపు కొట్టినావు."

సెంటర్ ఆయన కసురుకోవడం అమృతవల్లికి గుర్తుంది. ఎందుకు కసిరాడో ఇప్పటిదాకా గుర్తులేదు. అందరూ ఎక్కువ నవ్వేది ఆ వాక్యానికే. జగన్నాథన్ గారి హాలు గొల్లుమన్నదీ దానికే. కాదనే మాట ఒక క్షణం నోటిదాకా వచ్చింది. స్నేహితురాలి ముఖంలో పోటీ లేదు, దావా లేదు. జరిగింది చెప్తోంది, అంతే.

"అట్టయితే ఇన్నాళ్ళూ నా ఒక్కదాందే అని ఎందుకు చెప్పినావు అందరికీ?"

"నాదీ నీదీ అని చెప్తే కథ పొడవైపోతాది. నువ్వు రాస్తివి, నేను అంటిని. రాసినోళ్ళదే కదా?"

"కాదు" అంది అమృతవల్లి. ఆ మాట చెప్పడం ఆమెకు తేలిక కాలేదు.

తిరుగు రైల్లో ఆమె జగన్నాథన్ గారికి ఫోన్ చేసింది. "సార్, నాదని చెప్పినా కదా. అది తప్పు. ఇద్దరం రాసినాం. నేనూ, ఏంజెలిన్ అని నా ఫ్రెండూ. బాగుండే వాక్యం ఆమెది. ఇంటికి ఫోన్ చేస్తే 'అప్పుడే బయలుదేరింది' అంటారని ఇంకొక వాక్యం కూడా ఉండింది, అది యాడో రాలిపోయింది."

"నిరుడు వచ్చినాయన ఎప్పుడూ ఇట్లా ఫోన్ చేయలేదమ్మా" అన్నారు ఆయన. "వచ్చే వారం తిరువాలంగాడు స్కూల్లో మాట్లాడతా ఉండా. ఇట్లా ఇద్దరు ఆడపిల్లలు తాము రాసినామని అంటారు, అని చెప్తాను. సరేనా?"

"అంటారని కాదు సార్. రాసినారు అని చెప్పండి."

ఆయన నవ్వారు. నవ్వుతూనే ఫోన్ పెట్టేశారు.

మరుసటి వారం ఆమె స్కూలుకు సెలవు పెట్టి తిరువాలంగాడు వెళ్ళింది. పల్లెల నుంచి వచ్చిన పిల్లలు నేల మీద వరసలుగా కూర్చున్నారు. ఆమె తలుపు పక్కన నిలబడింది. జగన్నాథన్ గారు ఆమెను చూసి, చూడనట్టే మైకు సరిచేసుకున్నారు. "మన జిల్లాలో, తిరువళ్ళూరు స్టేషన్ ఎదురుగా కూర్చొని అమృతవల్లి, ఏంజెలిన్ అని ఇద్దరు కాలేజీ పిల్లలు ఒక జోకు రాసినారు" అని మొదలుపెట్టారు. ఆమె ఫోన్లో చెప్పింది గుర్తుపెట్టుకొని, రాలిపోయిన ఆ వాక్యాన్ని కూడా దాని చోట్లో చేర్చి చెప్పారు.

పేర్లు విన్నప్పుడు ఆమె రెండడుగులు లోపలికి వచ్చింది. అంతలోనే పేర్ల సంగతి మరిచిపోయి నవ్వులు వినసాగింది. వందుట్రాన్ అన్న పేరుకు నవ్వారు. ఐదు నిమిషాలకు నవ్వారు. ఢీకొనడానికి విరగబడి నవ్వారు. మధ్యలో ఇంటికి ఫోన్ చేసే వాక్యం దగ్గర ఒక్కరూ నవ్వలేదు. పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇంటికంతా ఒకే ఫోన్ ఉండడం, దాన్ని ఎవరో ఎత్తి ఇంకొకరి గురించి చెప్పడం వాళ్ళకు తెలియదు. అప్పట్లో ఆమెకు అన్నిటికంటే ఇష్టమైన వాక్యం అదే.

బయటికి వచ్చి ఏంజెలిన్‌కు ఫోన్ చేసి జరిగింది చెప్పింది. పేర్లు చెప్పారని విని ఏంజెలిన్ "అడడా" అంది. ఆ వాక్యం సంగతి చెప్తే మాత్రం వెంటనే అంది.

"అది తీసేయొద్దు. మార్చల్ల. ఇప్పుడు పిల్లోళ్ళు ఫోన్‌లో మ్యాప్ పంపిస్తారు చూడు, ఆడుండా ఈడుండా అని. ఆ పక్క ఆలోచించు."

"మ్యాప్‌లో చుక్క కదలకుండా ఉంటాది" అంది అమృతవల్లి.

"కదలకుండా ఉంటే నవ్వు రాదే. ఇంకేమన్నా చెప్పు."

మాటల్లోనే స్టేషన్ వచ్చింది, అరక్కోణం వైపు రైలూ వచ్చింది. ఆమె ఫోన్ చెవికి పెట్టుకునే ఎక్కింది. చుక్క వెనక్కి పోతే, అంది. చుక్క రెండైతే, అంది. ఏంజెలిన్ దేనికీ నవ్వలేదు. అరక్కోణం దాటింది, సిగ్నల్ పోయింది. అమృతవల్లి కిటికీ పక్కన సీటు వదిలి లేచి తలుపు దగ్గరికి, తలుపు దగ్గర నుంచి మళ్ళీ సీటు దగ్గరికి తిరుగుతూ, పెదాలు కదుపుతూ ఆ వాక్యాన్నే అటు తిప్పి ఇటు తిప్పి చూసుకుంటోంది. ఎదురు సీటులోని ముసలాయన, దిగే ఊరు తెలియక కంగారుపడుతోందనుకొని, పక్కకు జరిగి, "కూర్చో తల్లీ, ఊరొస్తే నేను చెప్తా" అన్నాడు.