పెట్టుకోవడానికి బల్ల లేని బహుమతి

వృక్షశాస్త్ర విభాగంలో పిల్లలు ఆవిణ్ని ‘గంట మేడం’ అంటారు. అందులో వెక్కిరింపేమీ లేదు, ఉన్న మాటే. యూనివర్సిటీ ఆవిడకి నెల జీతం ఇవ్వదు, గంటకింత అని ఇస్తుంది. ఆ గంట లెక్కకెక్కాలంటే క్లాసులో పిల్లలుండాలి, పాఠం జరగాలి, చివర క్లాసు లీడరు రిజిస్టరులో సంతకం పెట్టాలి. ప్రాక్టికల్స్ అయితే గంట చేసినా అరగంటే. ముందురోజు స్లైడ్లు సిద్ధం చేసుకోవడం, పేపర్లు దిద్దడం, ఫీజు కట్టలేక ఏడుస్తూ వచ్చిన పిల్లని కూర్చోబెట్టి ధైర్యం చెప్పడం, ఇవేవీ పని కిందకే రావు. సెలవులొస్తే పిల్లలకి ఆటవిడుపు, మేడానికి పస్తు.

పదకొండేళ్లుగా ఇదే వరస. టర్మ్ ముగియగానే ఆవిడ ఉద్యోగం ఊడుతుంది, కొత్త టర్మ్‌తో మళ్లీ పుడుతుంది. అంచేత జుట్టు నెరిసినా యూనివర్సిటీకి ఆవిడ కొత్తమ్మాయే. కూర్చోవడానికి బల్ల లేదు. మెట్ల కింద విరిగిన స్టూళ్ల పక్కన నిలబడే అన్నం డబ్బా విప్పుతుంది.

అలాంటి మేడాన్ని ఆ ఏడాది పిల్లలు ఓట్లేసి ఉత్తమ అధ్యాపకురాలిగా ఎన్నుకున్నారు.

ఆ కబురు ఇంట్లో చెబితే, కుట్టుమిషన్ ముందు కూర్చున్న అక్క తలైనా ఎత్తలేదు.

“ఎంతిస్తారే?”

“గాజు ఫలకం ఇస్తారక్కా.”

“తినడానికొస్తుందా?”

“చూసుకోడానికి.”

“అయితే పొద్దునా సాయంత్రం దాన్నే చూసుకుని కడుపు నింపుకుందాం. ముందు వచ్చే టర్మ్ గంటల సంగతి అడిగి రా. పోయినసారి నీకు సగం కోసేస్తే, ఈ పెడల్ తొక్కి తొక్కి నా మోకాళ్లు అరిగిపోయాయి.”

గంటల సంగతి తేల్చేది విభాగాధిపతి. ఏది అడిగినా ఒకటే జవాబు కాబట్టి పిల్లలు ఆయనకి ‘చూద్దాంలెండి సార్’ అని పేరు పెట్టుకున్నారు. ఈసారి మాత్రం ఆయనే ఆవిణ్ని పిలిపించాడు.

“కంగ్రాట్సమ్మా! వీసీ గారొస్తున్నారు. స్టేజీ మీద యూనివర్సిటీ గురించి నాలుగు మంచి ముక్కలు చెప్పండి. వచ్చే టర్మ్ మీకు నిండుగా గంటలు వేయించే పూచీ నాది.”

“మంచిది సార్. కానీ సభ నా క్లాసు టైములోనే పెట్టారు. ఆ గంట...”

“క్లాసే జరగనప్పుడు గంటెక్కణ్నించి వస్తుందమ్మా?”

“అంటే బహుమతి తీసుకున్నందుకు జరిమానా అన్నమాట.”

“అబ్బే, అలా అనుకోకూడదు. గౌరవం కదా! దాని సంగతి... చూద్దాంలెండి.”

నాలుగు మంచి ముక్కల్నీ ఆవిడ బస్సులో వల్లె వేసుకుంటూనే వచ్చింది. నిండుగా గంటలు దొరికితే అక్క మోకాళ్లకి కాస్త విశ్రాంతి. అంతకన్నా పెద్ద కోరికేం లేదు.

సభలో పర్మినెంటు వాళ్లంతా ముందు వరస సోఫాల్లో సర్దుకున్నారు. బహుమతి అందుకోవాల్సిన మనిషికి కుర్చీ వేయడం ఎవరికీ గుర్తు రాలేదు. చివరికి క్యాంటీన్ నుంచి ఒక ప్లాస్టిక్ కుర్చీ మోసుకొచ్చారు.

వీసీ గారు ఫలకం, పూలగుత్తి చేతికిచ్చి, మైకు ముందే ఆప్యాయంగా అడిగారు. “ఎన్నాళ్లుగా ఉన్నారమ్మా మా దగ్గర?”

“పదకొండేళ్లుగా అండీ.”

విభాగాధిపతి గబుక్కున ముందుకి వంగాడు. “రికార్డు ప్రకారం నాలుగు నెలలండీ.”

“నాలుగు నెలల్లోనే ఉత్తమమా! శభాష్!” అన్నారు వీసీ గారు. హాలంతా చప్పట్లు మోగాయి.

ఆ చప్పట్లు ఆవిడకి చెంపమీద పడ్డట్టే అనిపించాయి. బస్సులో వల్లె వేసిన ముక్కల్ని పక్కన పెట్టేసింది. ఎదురుగా మూడో వరసలో తన క్లాసు మొత్తం కూర్చునుంది. గోడ గడియారం తన పీరియడే చూపిస్తోంది.

“పిల్లలూ, పీరియడ్ మొదలైంది. నోట్సులు తీయండి,” అంది మైకులో.

ఎవరో కిసుక్కుమన్నారు. ఆవిడ నవ్వలేదు. గుత్తిలోంచి ఒక తెల్లపువ్వు లాగి, కాడ పైకెత్తి చూపించింది. కాడలో నీరు పైకెలా ఎక్కుతుందో చెప్పడం మొదలుపెట్టింది. పైన ఆకులు నీటిని గాల్లోకి వదిలేస్తుంటాయనీ, ఆ లాగుడుకే కింద వేరు మట్టిలోంచి చుక్క చుక్కా పీల్చి పైకి పంపుతుంటుందనీ నిదానంగా, క్లాసులో చెప్పినట్టే చెప్పింది.

“మరి వేరుకేం మిగుల్తుంది మేడం?” వెనకనుంచి ఒక కొంటెపిల్ల అడిగింది.

“మళ్లీ పీల్చే పని.”

హాలు గొల్లుమంది. సోఫాలు మాత్రం నవ్వలేదు. వీసీ గారు ఒకసారి వాచీ చూసుకుని, పాఠం సగంలో ఉండగానే లేచి వెళ్లిపోయారు. ఆవిడ ఆగలేదు. గంట పూర్తయ్యాక లీడర్ని స్టేజీ మీదకి పిలిచి, సంచిలోంచి రిజిస్టరు తీసి సంతకం పెట్టించింది.

బిల్లుల గుమస్తా చెడ్డవాడేం కాదు. రిజిస్టరు రెండుసార్లు చదివి నొచ్చుకున్నాడు. “పిల్లలున్నారు, పాఠం జరిగింది, సంతకం ఉంది. కానీ టైమ్‌టేబుల్లో మీకు ఆడిటోరియం లేదు కదమ్మా!” అని ఆ వరసని అడ్డంగా కొట్టేశాడు.

ఆవిడ తిన్నగా విభాగాధిపతి గదిలోకి వెళ్లింది. ఆయన మొహం కందగడ్డలా ఉంది.

“నా పరువు గంగలో కలిపారు కదమ్మా! ఇంక వచ్చే టర్మ్ గంటల మాట నా దగ్గర ఎత్తకండి.”

ఆవిడ ఫలకాన్ని ఆయన ఫైళ్ల మీద నిలబెట్టింది.

“ఇదేంటి? తీసుకెళ్లండి.”

“ఎక్కడ పెట్టుకోను సార్? నాకు బల్ల లేదు. బల్ల ఇచ్చిన రోజున వచ్చి తీసుకెళ్తాను.”

ఆయన “చూద్దాం...” అనబోయి, దగ్గొచ్చినవాడిలా ఆగిపోయాడు.

బయటికొచ్చి మెట్లవైపు నడిచింది. ఇంటికెళ్లి అక్కకి ఏం చెప్పాలి? మెట్ల కింద కెమిస్ట్రీ పార్ట్‌టైమ్ అమ్మాయి డబ్బా మూత పట్టుకుని నిలబడి ఉంది. ఆ వెనక ఇంకో ముగ్గురు గంటల లెక్క వాళ్లే ఉన్నారు.

“అక్కా, ఇక్కడికి వినబడింది. భలే అడిగారు. వచ్చే టర్మ్ అందరం కలిసి అడుగుదాం.”

“వచ్చే టర్మ్‌కి మనం ఎవరమే? అసలు ఉంటామా?” కసిరినట్టే అంది ఆవిడ. “అడిగేదేదో ఉద్యోగం ఉండగానే అడగాలి. ఆ మూత పెట్టేసి పద.”

అని తను బయటికొచ్చిన విభాగాధిపతి గది తలుపువైపే మళ్లీ నడిచింది.