పూత మీద కట్టిన బేరం

పోయినవి ముందు చెబుతాను. నాలుగు వందల యాభై ఐదు షేర్లు, ఒక్కోదాని మీద నూట ముప్పై రూపాయలు: మొత్తం యాభై తొమ్మిది వేల నూట యాభై. జీడిపిక్కలు కోసే మిషన్ రాకుండా పోయిన రెండు సీజన్లు. ఆ రెండు సీజన్లూ జీడి అంటి పొక్కిన మా అక్క అరచేతులు. చివరిదానికి నాకు లెక్క కట్టడం రాలేదు.

నేను బొబ్బిలిలో రైస్ మిల్లు గుమస్తాను. షేర్ల లెక్కలు పేపర్లు చూసి సొంతంగా నేర్చుకున్నాను. బావకి పలాస దగ్గర చిన్న జీడి బట్టీ ఉంది. మిషన్ కోసం దాచిన రెండు లక్షలు మూడు వారాల్లో పెంచుదామని, కొత్తగా వస్తున్న ఒక కంపెనీ షేర్లకి అప్లికేషన్ పెట్టమన్నాను. షేరు ధర నాలుగు వందల ఇరవై. మార్కెట్లో లిస్టయి అమ్మకానికి రాకముందే బయట నోటిమాట మీద దానికి నూట నలభై ఎక్కువ పలుకుతోంది. దాన్నే గ్రే మార్కెట్ ప్రీమియం అంటారు. బావ పదమూడు లాట్లకి పెట్టాడు, లాటుకి ముప్పై ఐదు షేర్లు. అరవై మూడు వేల ఏడు వందలు లాభమని నేనే కాగితం మీద వేసి చూపించాను.

"అంటే మా తోటల బేరంలాటిదేనేటి? పూత మీదే రేటు కట్టీసినట్టు?" అన్నాడు బావ.

"అలాటిదే."

"మరి బయానా ఎవులిచ్చినారు బావా?"

నవ్వాను. "నీకు జీడిపిక్కలు తప్ప ఇంకేటీ తెలీదు బావా."

మా వైపు పూత మీద రేటు చెప్పినవాడు బయానాగా కొంత డబ్బు ముందే ఇస్తాడు. ఇచ్చాక కాయ రాలినా మాట తప్పడు. ఆ నూట నలభై వెనక అలా రూపాయి పెట్టి నిలబడ్డవాడు ఎవడూ లేడు. ఆ సంగతి బావ అడిగాడు, నేను ఆలోచించలేదు.

అప్లికేషన్ల ఆఖరి రోజు పొద్దున ప్రీమియం పాతికకి పడింది. సాయంత్రం దాకా వెనక్కి తీసుకోవచ్చు. బావకి చెబుదామని ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. పాతికైనా పదకొండు వేల పైమాటే కదా అనుకుని పెట్టేశాను. నిజానికి అన్న మాట వెనక్కి తీసుకోవడానికి సిగ్గేసింది.

"పదమూడుకి పదమూడూ వచ్చీనాయి బావా!" అని బావ సంబరంగా ఫోన్ చేశాడు. జనం ఎగబడితే లాటరీలో ఒక్క లాట్ రావడమే గగనం. అన్నీ వచ్చాయంటే అడిగినవాళ్లు లేరన్నమాట. ఆ మాట ఆయనకి చెప్పలేకపోయాను.

మూడు వందల డెబ్భై రెండు దగ్గర లిస్టయింది.

"ఆ నూట నలబై ఇస్తానన్నోడేడి బావా?"

"ఇస్తానని ఎవరూ అన్లేదు బావా."

అప్పుడే అమ్మేసినా ఇరవై రెండు వేల లోపు నష్టంతో పోయేది. పెరుగుతుందని నేనే ఆపాను. ఎనిమిది నెలలాగి రెండు వందల తొంభైకి అమ్మాం.

నా జీతంలోంచి విడతలుగా నలభై వేలు ఇచ్చాను. షేర్లు అమ్మగా వచ్చినదానికి అదీ, ఇంకొంతా కలిపి మిషన్ కొన్నారు. ఆ తర్వాత బావ తీసుకోవడం మానేశాడు.

"నువ్వు రేటే సెప్పినావు, బయానా ఇవ్వలేదు కదేటి. మరి నువ్వు నాకెందుకు బాకీ?"

కానీ ఆయన అడిగినప్పుడు 'అలాటిదే' అన్నది నేనే. అందుకే ఈ రోజుకీ నేను బావకి బాకీ: పంతొమ్మిది వేల నూట యాభై రూపాయలు.