పూలజడ ఫోటో

మా హాల్లో టీవీ పక్కన గోడకి ఒక ఫోటో ఉంది. పట్టుపరికిణీ కట్టుకుని, కనకాంబరాల జడ ముందుకు వేసుకుని, చేతినిండా గాజులతో ఒక పాప నవ్వుతూ ఉంటుంది. పాప కాదు, నా కొడుకు.

మూడో ఏట సింహాచలంలో వాడి పుట్టువెంట్రుకలు తీయిస్తామని మొక్కుకున్నాం. గుండు చేయించే ముందు మగపిల్లాడికి జడ వేసి ఫోటో తీయించుకోవడం మావైపు అందరూ చేసేదే. పూలు మా అత్తగారు తగరపువలస నుంచి తెచ్చారు. పరికిణీ మా అమ్మాయిది. కూర్మన్నపాలెంలో మేముండే అపార్ట్‌మెంటులో ఆడవాళ్లంతా వచ్చి వాడి బుగ్గలు పుణికారు.

"ఎంత బాగున్నాడో! ఆడపిల్లై పుట్టాల్సినోడు" అంటూ మా అత్తగారు మెటికలు విరిచారు. స్టీల్‌ప్లాంటులో పనిచేసే మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు, వాణ్ణి భుజానికెక్కించుకుని వీధంతా తిప్పారు. వాడు గాజులు గలగలలాడించుకుంటూ దించమన్నా దిగలేదు. అంత సంతోషంగా వాణ్ణి నేను మళ్లీ చూడలేదు.

మర్నాడు కొండమీద గుండు చేస్తుంటే జుట్టు కోసం గుక్కపట్టి ఏడ్చాడు. "మల్లీ పెరుగుద్ది నాయనా, అప్పుడు మల్లీ ఏత్తాను జడ" అని మా అత్తగారు సముదాయించారు. పిల్లలు ఇలాంటివి మర్చిపోతారని మన ధీమా. వాడు మర్చిపోలేదు.

జుట్టు చెవులమీదికి రాగానే దువ్వెనా రిబ్బనూ పట్టుకెళ్లి ఆవిడ ముందు కూర్చున్నాడు. "మామ్మా, పెరిగింది. జడెయ్." ఆవిడ పడీపడీ నవ్వారు. రోజూ అడిగేసరికి విసుక్కున్నారు. "మగోడివిరా, తప్పు." జడ లేకపోతే పోనీ అనుకున్నాడేమో, ఒక ఆదివారం వాళ్ల అక్క గాజులు తొడుక్కుని హాల్లోకొచ్చాడు. ఆ రోజు బావగారు మా ఇంట్లోనే భోంచేస్తున్నారు.

"ఏట్రా ఈ ఏసాలు? ఆడపిల్లవేటి నువ్వు?" అని ఎడంచేత్తో వాడి చెయ్యి పట్టి లాగారు. మట్టిగాజులు పుటుక్కున విరిగాయి. మణికట్టు గీరుకుని రక్తం వచ్చింది.

నాకు ఒళ్లు మండిపోయింది. "ఆ రోజు భుజాన ఎక్కించుకుని ఊరేగించింది మీరే కదా బావగారూ?"

"అది మొక్కు. ఇది ఏరు. నువ్వే ఆణ్ణి పాడు సేత్తన్నావ్."

మా అత్తగారు మజ్జిగ గిన్నె బావగారి ముందుకు జరిపారు. మా ఆయన తలొంచుకుని పప్పన్నం కలుపుకుంటూ కూర్చున్నారు. జడ వేసిందీ వీళ్లే, ముద్దులు పెట్టిందీ వీళ్లే, ఫోటో గోడకి కొట్టిందీ వీళ్లే. అదే వాడు తనంతట తాను కోరుకుంటే తప్పయిపోయింది. వాడు ఏడవలేదు. మా ముఖాలన్నీ ఒక్కొక్కటే చూసి, గాజుముక్కలు ఏరబోతే నేనే వద్దన్నాను.

ఆ తర్వాత వాడు ఏదీ అడగలేదు. దార్లో పడ్డాడని అందరూ మెచ్చుకున్నారు. బావగారు క్రికెట్ బ్యాటు కొనిచ్చారు. సెలూన్లో కూర్చుంటే ఇప్పుడు వాడే "ఇంకా పొట్టిగా, ఇంకా" అంటాడు.

ఇప్పుడు ఒకటో తరగతి. మొన్న వాడి స్నేహితుడు ఆడుకోవడానికొచ్చాడు. నేను పెట్టిన జంతికలు తింటూ ఫోటో వైపు చూశాడు.

"ఈ పాపెవర్రా?"

సోఫాలో ఉన్న మా అత్తగారు మురిసిపోతూ చెప్పబోయారు. ఈలోగా మావాడే అందుకున్నాడు.

"మా చెల్లి."

"ఏదీ? ఎక్కడుంది?"

"సచ్చిపోయింది."

మా అత్తగారు తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయారు. ఆ పిల్లాడు జంతిక నమలడం ఆపి నావైపు తిరిగాడు.

"నిజంగానా ఆంటీ?"

వాడి వెనక నుంచి నా కొడుకు నన్నే చూస్తున్నాడు. కళ్లతోనే బతిమాలుతున్నాడు.

"అవును నాన్నా" అన్నాను.